ఎక్కేవాడూ, కాలు తడిమేవాడూ

న్యూమార్కెట్ అనే ఈ చిన్న ఇంగ్లిషు ఊళ్లో సుమారు 3,000 రేసు గుర్రాలు తర్ఫీదులో ఉంటాయి. తెల్లవారుతూనే యార్డుల్లోంచి, అంటే ట్రైనర్ల గుర్రపుశాలల్లోంచి, వరసగా బయల్దేరి, రోడ్లు దాటి, హీత్ అనే పెద్ద గడ్డి మైదానాల మీదికి వెళ్తాయి. రోడ్డు దాటేచోట కొన్ని సిగ్నల్ బటన్లు గుర్రం మీద కూర్చున్నవాళ్ల చేతికందే ఎత్తులో ఉంటాయి. కార్లు ఆగి దారిస్తాయి. రెండో చార్లెస్ రాజు 1660ల్లో ఇక్కడ రేసులకు రావడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ ఊరి బతుకు గుర్రంతోనే ముడిపడింది.

నేను హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో రైడింగ్ బాయ్‌గా చేసి వచ్చినవాణ్ణి. ఇక్కడి యార్డుల్లో మనదేశం వాళ్లం చాలామందిమే ఉన్నాం. పొద్దున గుర్రాలను పరుగెత్తించే వారెన్ హిల్ కొండ ఎక్కేటప్పుడు ముందూ వెనకా హిందీ మాటలు వినిపిస్తుంటాయి.

స్వారీ ఎక్కడైనా స్వారీయే. నన్ను మార్చింది మిగతా పని. మన దగ్గర గుర్రాన్ని చూసుకునేది సాయిసు, ఎక్కి పరుగెత్తించేది రైడింగ్ బాయ్. నేను వెళ్లేసరికి జీను కట్టి ఉండేది, దిగగానే పగ్గాలు సాయిసు చేతికిచ్చేవాణ్ణి. ఇక్కడ రెండు పనులూ ఒక్క మనిషివే. లద్దె ఎత్తాలి, పరుపు వేయాలి, మాలిష్ చేయాలి, జీను కట్టుకోవాలి, ఎక్కాలి, దిగాక కాళ్లు కడగాలి. పూటకు మూడు నాలుగు గుర్రాలు. జనవరి చలిలో వేళ్లు పట్టు తప్పుతాయి, అయినా కాలు తడమకుండా ఏ గుర్రమూ గడప దాటదు.

ఆ తడమడం గురించే చెప్పాలని ఇది రాస్తున్నాను. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. దాదాపు అయిదు క్వింటాళ్ల ఒళ్లు పరుగులో, కండను ఎముకకు కలిపే సన్నటి టెండన్ల మీద ఆధారపడుతుంది. ముంగాలి వెనకవైపు టెండన్‌లో నాలుగు పోగులు తెగినా ముందు కుంటదు. కాస్త వేడి, కాస్త వాపు, అంతే. రెండు కాళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి అరచేత్తో పైనుంచి కిందికి నిమిరి పోల్చుకుంటేనే అది తెలుస్తుంది. ఆ పూట పరుగు ఆపేస్తే కొన్నాళ్ల విశ్రాంతితో పోవచ్చు. చూడకుండా పరుగెత్తిస్తే ఏడాది పోతుంది, కొన్నిసార్లు గుర్రమే పోతుంది.

ఇంకా ముందు చూసేది మేత తొట్టి. రాత్రి పెట్టిన దాణా మిగిలిందంటే ఏదో ఉంది. వెంటనే జ్వరం చూస్తాం. 38 డిగ్రీల దగ్గరుంటే మామూలే, 38.5 దాటితే ట్రైనర్‌కు కబురు వెళ్తుంది. గుర్రం కక్కలేదు, అందుకే కడుపునొప్పి వచ్చిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. లద్దె తగ్గినా, పక్క పొట్టను తిరిగి తిరిగి చూసుకుంటున్నా పనంతా ఆపి డాక్టర్‌ను పిలుస్తారు.

మేమంతా ట్రైనర్‌ను గవ్నర్ అంటాం. కొండ మీద నిలబడి, పైకి వచ్చిన ప్రతి గుర్రాన్నీ చూసి, ఎక్కినవాణ్ణి అడుగుతాడు: ఎలా వచ్చింది, ఊపిరెలా ఉంది, ఎటువైపు ఒరుగుతోంది? వందకు పైగా గుర్రాలున్న యార్డులో ఆయన ప్రతిదానిమీదా ఎక్కలేడు, ప్రతి కాలూ తడమలేడు. ఏ గుర్రం ఏ రేసుకు వెళ్లాలో ఆయన నిర్ణయిస్తాడు, కానీ ఆ నిర్ణయం మా జవాబుల మీద నిలబడుతుంది. కుడివైపు పగ్గం గుంజుతోందని నేను చెబితే, నోట్లో నొప్పేమోనని ఆ రోజే దాని పళ్లు పరీక్ష చేయిస్తారు. ఆ గౌరవం నాకు చాలా విలువైనది.

అక్టోబరులో టాటర్సాల్స్ అనే గుర్రాల వేలంలో ఏడాది వయసు గుర్రప్పిల్లలు వస్తాయి. అందరికన్నా ఓపికైనవాళ్లకే వాటిని ఇస్తారు. నోట్లో కళ్లెం, పొట్టకు పట్టీ, పొడవాటి పగ్గాలు పట్టుకుని వెనకే నడవడం, తర్వాత వీపు మీద బోర్లా పడుకోవడం, చివరికి కూర్చోవడం. పిల్ల ఒక్క అడుగు సరిగ్గా వేసిన క్షణంలోనే పగ్గం వదులు చేయాలి. ఆలస్యంగా వదిలితే ఎందుకు వదిలామో దానికి అర్థం కాదు. మొండి పిల్ల అనిపించుకున్నవాటిలో చాలావాటికి ఉన్నది భయమేనని నా నమ్మకం.

గెలిచిన డబ్బులో స్టాఫ్‌కు కొంత వాటా వస్తుంది. రేసుకు ముందు బాగా తయారుచేసిన గుర్రానికి విడిగా చిన్న బహుమతి ఉంటుంది, అది దాన్ని చూసుకునే మనిషికే. మలక్‌పేటలో నా గుర్రాలకు కాళ్లు ఒత్తిన సాయిసులకు ఇక్కడ నేను నేర్చుకున్నదంతా ముందే తెలుసు. కాలు వేడిని చేత్తోనే చెప్పేవాళ్లు. వాళ్లను అడిగే అలవాటు మన రేసుకోర్సుల్లో ఇంకా పెరగాలి, వాళ్ల జీతాలూ పెరగాలి.

అక్కడి తమ్ముళ్లు ఫోన్ చేసి, అన్నా, మేమూ వస్తాం అంటారు. రండి. వచ్చేముందు ఏదో ఒక సాయిసు పక్కన కూర్చుని గుర్రం కాలు తడమడం నేర్చుకోండి. ఏజెంటుకు పైసా ఇచ్చేముందు మీ వీసాకు ఏ యార్డు స్పాన్సర్ చేస్తోందో పేరు అడగండి. లైసెన్సు ఉన్న స్పాన్సర్ల జాబితా బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఆ పేరు అందులో లేకపోతే డబ్బు కట్టకండి.