పాత ఫైబర్ బోటు బాగు చేసుకున్నాం, హార్డ్‌నర్ దగ్గరే ప్రాణం విసిగిపోయింది

చేపల వేట నిషేధం ఎత్తేశాక వేటకి వెళ్లొచ్చాం, బోటులోకి చుక్క నీరు రాలేదు. ఆ సంతోషమూ, ఒక షాపాయన మీద కోపమూ రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను, పాత బోటు బాగు చేసుకుందామనుకునే వాళ్లకి పనికొస్తుందని.

మాది అంతర్వేది వైపు. మా పెదనాన్నగారి ఫైబర్ బోటు కొన్నేళ్లుగా వశిష్ఠ గోదావరి గట్టు మీద పడి ఉంది. కొత్తది కొనాలంటే లక్షల్లో మాట, మా దగ్గర అంత లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఎలాగూ వేట ఉండదు కాబట్టి, ఆ టైంలో నేనూ మా మావయ్యా కలిసి సొంతంగా చేసుకుందామని దిగాం.

అందరూ తెగ భయపెట్టిన రిజిస్ట్రేషన్ పేరు మార్పిడి మాకు ఇబ్బంది లేకుండానే అయిపోయింది. అది మాత్రం వదలకండి, కాగితాలు లేకపోతే నిషేధం డబ్బులూ రావు, డీజిల్ రాయితీ కూడా రాదు.

బోటు బోర్లించి, మంచినీళ్లతో కడిగి, బాగా ఎండనిచ్చి, సుత్తి పిడితో అంతా తట్టి చూశాం. గట్టిగా మోగితే పర్వాలేదు, బోలుగా మోగితే లోపల పొరలు విడిపోయినట్టే. అడుగు ఇసుకలో రాసుకుని పల్చబడింది. ఇంజన్ బిగించే చోట, అమరం (బోటు వెనక భాగం) లోపలి చెక్క నీళ్లు తాగి కుళ్లిపోయింది, తీసేసి కొత్తది పెట్టాం. పగుళ్ల చుట్టూ గ్రైండర్‌తో వాలుగా అరగదీశాం. ఫుల్ చేతుల చొక్కా, మాస్కు, కళ్లద్దాలు లేకుండా ఆ పనికి దిగొద్దు, ఆ పొడి ఒంటికి పట్టిందంటే రాత్రంతా దురదే.

ఇక రెజిన్ (ఫైబర్ పొరల్ని అతికే చిక్కటి ద్రవం) దగ్గర మొదలైంది అసలు టెన్షన్.

టౌనులో ఒక షాపులో రెజిన్, మ్యాట్ (గాజు నార పరుపు), రెజిన్‌ని గట్టిపరిచే హార్డ్‌నర్ తెచ్చాం. హార్డ్‌నర్ లేబుల్ లేని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇచ్చాడు. అక్కడ అందరికీ అలాగే ఇస్తున్నాడు. కిలో రెజిన్‌కి 15 మిల్లీలీటర్ల చొప్పున సిరంజితో కొలిచి కలిపాం, మ్యాట్ పరిచి, రోలర్‌తో గాలి బుడగలు పోయేదాకా ఒత్తాం. మే నెల ఎండలో పావుగంట, ఇరవై నిమిషాల్లో డబ్బాలోనే గడ్డకట్టేయాల్సిన సరుకు, మర్నాటికి కూడా మెత్తగానే ఉంది. గోరు పెడితే దిగిపోతోంది. పైపైన కాస్త అంటుకోవడం వేరే సంగతి, గాలి తగిలే వైపు ఈ రెజిన్ కొంచెం జిగురుగానే ఉంటుంది, ఆఖరి కోటులో మైనం ద్రావణం కలిపితే అది పోతుంది. మాది అలా కాదు, లోపలి దాకా పచ్చిగానే ఉండిపోయింది.

రేవులో తలో మాట అన్నారు. ఒకరు ఉప్పుగాలి అన్నారు, ఇంకొకరు రాత్రి మంచు అన్నారు. షాపుకి వెళ్లి అడిగితే ముందు "హార్డ్‌నర్ తక్కువేసుంటారండి" అన్నాడు. ఎక్కువ వేసి చూసినా అంతే. మళ్లీ వెళితే షాపు నిండా జనం ఉండగా, "మా సరుకు ఇన్ని ఊళ్లకి వెళ్తోంది, మీ ఒక్కరికే ఎందుకు గట్టిపడట్లేదండి? ఎప్పుడైనా రెజిన్ ముట్టుకున్నారా అసలు?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. పదహారేళ్ల వయసు నుంచి బోట్ల పని చేస్తున్నవాణ్ని, మా రేవులో సగం బోట్లకి నా చేతి అతుకులున్నాయి. మావయ్య చెయ్యి పట్టుకుని బయటికి లాక్కురాకపోతే ఏమనేవాణ్నో నాకే తెలియదు.

ఆ రాత్రి నిద్ర పట్టక, రెజిన్‌ది తప్పా హార్డ్‌నర్‌ది తప్పా అని ఆలోచిస్తుంటే తట్టింది. పొద్దున్నే పంటు ఎక్కి నరసాపురం వైపు వెళ్లి, తెలిసిన మేస్త్రీ దగ్గర అతను వాడే రెజిన్ కొంచెం, హార్డ్‌నర్ కొంచెం అడిగి తెచ్చాను. రెండు కప్పులు పెట్టాం. ఒకదాంట్లో మా రెజిన్‌కి మేస్త్రీ హార్డ్‌నర్ కలిపాం, రెండో దాంట్లో మేస్త్రీ రెజిన్‌కి మా హార్డ్‌నర్. మొదటి కప్పు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి రాయిలా అయిపోయింది. రెండోది సాయంత్రానికీ పారుతూనే ఉంది. షాపు ముందు ఎండలో నెలల తరబడి పెట్టిన హార్డ్‌నర్‌లో బలమంతా పోయిందన్నమాట.

ఆ రెండు కప్పులూ తీసుకెళ్లి, మళ్లీ జనం ఉన్నప్పుడే, కౌంటర్ మీద పెట్టాను. మాట్లాడకుండా హార్డ్‌నర్ డబ్బులు ఇచ్చేశాడు. పాడైపోయిన రెజిన్, మ్యాట్ ఖర్చు ఎవరిస్తారు? పచ్చి పొరంతా గీకి, అసిటోన్‌తో తుడిచి, మళ్లీ మొదటి నుంచి వేసుకున్న కష్టం ఎవరిస్తారు? చేపలు పట్టేవాడికి బిల్లెందుకు, లేబులెందుకు అనుకుంటారు. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటాక అతుకు ఊడితే పోయేది మా ప్రాణాలే కదా.

మంచి హార్డ్‌నర్ దొరికాక మిగతా పని చకచకా సాగింది. ఎండలో తొందరగా గడ్డకడుతుంది కాబట్టి పొద్దుటే మంచు ఆరాక, కొంచెం కొంచెం కలుపుకుని వేశాం. మ్యాట్ పొర, దాని మీద ఫైబర్ నేత గుడ్డ పొర, మళ్లీ మ్యాట్, చివర్లో పైపూతగా జెల్‌కోట్. మొత్తం ఖర్చు కొత్త బోటు ధరలో చిన్న ముక్క కూడా కాలేదు.

మీరు చేసుకునేటప్పుడు సీల్ ఉన్న, తేదీ ఉన్న డబ్బాలే అడగండి, బిల్లు రాయించుకోండి, ఇవ్వనంటే లేచి వచ్చేయండి. ప్రతి డబ్బా ముందు కప్పులో కలిపి చూశాకే బోటు మీద వేయండి. కోబాల్ట్ (రెజిన్ తొందరగా గట్టిపడటానికి కలిపే మందు) విడిగా ఇస్తే దాన్ని ముందు రెజిన్‌లో బాగా కలిపేశాకే హార్డ్‌నర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గున మండుతుంది, పేలుతుంది కూడా. లేబుల్ లేని కూల్‌డ్రింక్ సీసాలో ఇచ్చిన హార్డ్‌నర్ మాత్రం పిల్లలున్న ఇంట్లోకి తీసుకెళ్లనే వద్దు.