గేటు బయట ఒకటిన్నర రోజు

బరంపురంలో తెలుగు పేపరు విలేకరినని చెబితే కొందరు ‘ఇంకా ఉన్నారా?’ అన్నట్టు చూస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఇప్పుడు బోర్డులు ఒడియాలో ఉంటాయి, మా వీధిలో తగువులు మాత్రం తెలుగులోనే జరుగుతాయి. ఓ పాతిక కిలోమీటర్ల దూరంలో ఇచ్ఛాపురం. ఆ పక్క జిల్లా ఎడిషన్‌కి నేను వార్తలు పంపుతుంటాను. జీతం లేదు, వార్తకి ఇంత అని లెక్క.

ఈమధ్య ఒక పార్టీ జిల్లా మహాసభ ఇక్కడి కల్యాణ మండపంలో రెండు రోజులు జరిగింది. పార్టీ పేరు చెప్పను. చెబితే వాళ్లొక్కరే ఇలా చేస్తారని మీరు అనుకుంటారు.

పాస్ కోసం వారం ముందే దరఖాస్తు పెట్టాను. పేపరు లెటర్‌హెడ్ మీద ఉత్తరం, రెండు ఫొటోలు, ఆధార్ జిరాక్సు. ఆ లెటర్‌హెడ్ బస్సు డ్రైవరు చేతిలో కవరు పెట్టించి తెప్పించుకోవడానికే రెండు రోజులు పట్టింది. పార్టీ తరఫున ప్రెస్ వ్యవహారం చూసేది మా వీధి పెద్దాయన. చుట్టరికం లేదు, వరసకి బాబాయ్ అంటాను. “చూద్దాంలేరా” అన్నాడు. ఆ మాట విన్నప్పుడే నాకు అర్థం కావాల్సింది.

దీనికి వెనక కథ ఒకటుంది. అంతకు మూడు నెలల ముందు నేనొక వార్త రాశాను. ఆ పార్టీ సభ్యత్వ జాబితాలో కాలం చేసినవాళ్ల పేర్లున్నాయని. మా వీధి చివర మిషను కుట్టుకునే తాతగారు పోయి రెండేళ్లు, ఆ జాబితాలో ఆయన ఇంకా చందా కడుతూనే ఉన్నాడు. వార్త నిజమే. కాకపోతే అచ్చుకి ముందు వాళ్ల మాట అడగడానికి ఒక్కసారే ఫోన్ చేశాను, ఎత్తలేదు, అంతటితో వదిలేశాను. ఇంకోసారి చెయ్యాల్సింది.

మొదటి రోజు పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్లాను. బల్ల మీద చెప్పుల డబ్బా, అందులో వరసగా లామినేషన్ కార్డులు. కుర్రాడు జాబితా మీద వేలు పెట్టి కిందిదాకా వెళ్లి, మళ్లీ పైకి వచ్చి, “తాలికారె ఆపణంక నాఁ నాహిఁ, ఆజ్ఞా” అన్నాడు. జాబితాలో మీ పేరు లేదండీ అని. పాపం, మర్యాదగానే చెప్పాడు. కానీ ఆ డబ్బా కింద నా దరఖాస్తు కనపడుతూనే ఉంది. నా ఫొటో నుదుటి మీంచి స్టేప్లర్ పిన్ను దిగి ఉంది, పక్కన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

తోటి విలేకరులు నలుగురైదుగురు ఆగి “అన్యాయం కదా” అన్నారు. అని లోపలికి వెళ్లారు. లోపల టిఫిను వేడిగా ఉందట. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ వెళ్లేవాణ్నేమో, అందుకే ఎక్కువ అనలేను.

బాబాయ్‌కి ఫోన్ చేశాను. దాపరికం లేకుండానే మాట్లాడాడు.

“మా ఇంట్లో పెళ్లికి ఎవర్ని పిలవాలో మా ఇష్టం కాదురా?”

“పెళ్లయితే మీ ఇష్టమే బాబాయ్. ఇది ఓట్లు అడిగే పార్టీ సభ.”

“2023లో ఇండియా కూటమి వాళ్లు పధ్నాలుగు మంది టీవీ యాంకర్ల షోలకి వెళ్లబోమని జాబితా ప్రకటించలేదూ? వాళ్లు చేస్తే ఒప్పు, మేం చేస్తే తప్పా?”

అది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. ఆ జాబితా నాకూ నచ్చలేదు. కానీ తమ మనిషిని ఒకరి షోకి పంపబోమనడం వేరు, తలుపు తీసి ఇరవై మంది విలేకరుల్ని రమ్మని ఇరవై ఒకటోవాణ్ని ఆపడం వేరు. అభ్యర్థుల గురించి గుట్టుగా మాట్లాడుకోవాలంటే తలుపేసుకోండి, ఎవరూ ఏమీ అనరు. ఆ తలుపు అందరికీ వెయ్యాలి. ఇదే చెప్పాను. “సభలో ఉన్నాన్రా” అని పెట్టేశాడు.

కోర్టు దగ్గర నాకు తెలిసిన వకీలు ఒకాయన ఉన్నారు. అడిగితే నవ్వారు. “కలెక్టరు ప్రెస్‌మీట్‌కి నిన్నొక్కణ్నే రానివ్వలేదనుకో, కటక్ హైకోర్టుకి వెళ్లి అడగొచ్చు. రాజ్యాంగంలో భావ ప్రకటన హక్కు ఇచ్చే 19(1)(ఎ) ప్రభుత్వం మీద పనిచేస్తుంది. పార్టీ అంటే 19(1)(సి) కింద జనం పెట్టుకున్న సంఘం. వాళ్ల మండపం, వాళ్ల కాపలా” అన్నారు. ఎన్నికల సంఘం దగ్గర నమోదైన పార్టీ కదండీ అంటే, 2013 జూన్ 3 సంగతి గుర్తు చేశారు. ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ చెప్పిన రోజు అది. పార్టీలు దాన్ని అమలు చెయ్యలేదు. “లెక్కలే చూపించనివాళ్లు నీకు కుర్చీ వేస్తారా?” అన్నారాయన.

అమెరికాలో 2016 జూన్‌లో ట్రంప్ ప్రచార బృందం వాషింగ్టన్ పోస్ట్ పాసులు రద్దు చేసింది, మళ్లీ సెప్టెంబరులో ఇచ్చింది. ఆ మధ్యలో ఆ పేపరు విలేకరులు ఆయన సభలకి మామూలు జనంతో పాటు లైన్లో నిలబడి వెళ్లారు. అయినా జులైలో క్లీవ్‌లాండ్‌లో జరిగిన రిపబ్లికన్ పార్టీ మహాసభలో మాత్రం ఉన్నారు. అక్కడ మహాసభలకి పేపర్లవాళ్ల పాసులు చూసేది పార్లమెంటు ప్రెస్ గ్యాలరీవాళ్లు. అంటే విలేకరుల కమిటీ. నాకు ఈర్ష్య కలిగించింది ఈ ఏర్పాటే. పాసుల డబ్బా పార్టీ మనిషి చేతిలో లేదు. మా ఊళ్లో ఆ పని విలేకరుల సంఘానికి ఇస్తే ఏమవుతుంది అంటారా? సంఘంలోనూ రెండు ముఠాలున్నాయి. అయినా బాబాయ్ కంటే నయమే అనిపిస్తుంది.

మధ్యాహ్నం మండపం ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నాను. బరా, ఘుగుని తింటూ మూడు గంటలు. ఎండకి బయటికొచ్చిన ప్రతినిధులు ఒక్కొక్కరే చేరారు. బ్యాడ్జీ జేబులో పెట్టుకుని మాట్లాడేవాళ్లు కొందరు, బ్యాడ్జీ నాకు కనపడేలా సర్దుకుని మరీ మాట్లాడేవాళ్లు కొందరు. కార్యదర్శి పదవికి పోటీ పడిందని, చేతులెత్తించి లెక్క పెట్టారని ముగ్గురు చెప్పారు. ముగ్గురు చెప్పారు కదా అని రాశాను, బాబాయ్‌కి రెండుసార్లు ఫోన్ చేసి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టి మరీ. ప్రెస్‌నోట్‌లో మాత్రం ‘ఏకగ్రీవం’ అని ఉంది. లోపలున్న మిత్రులకి ఆ సమయంలో భోజనాలు పెట్టారట.

రెండో రోజు పదకొండు గంటలకి కబురొచ్చింది. ముగింపు సభకి పాస్ ఇస్తారు, కాకపోతే ‘కాస్త బాగా’ రాయాలి. ఆ షరతు కాగితం మీద రాసిమ్మన్నాను. రాయలేదు. ఓ గంట తర్వాత అదే కుర్రాడు కార్డు తెచ్చి మెళ్లో వేశాడు. ఫొటోలో నుదుటి మీద పిన్ను చిల్లు అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్న ఏడింటికే బాబాయ్ ఫోన్.

“చేతులెత్తింది కార్యదర్శి ఎన్నికకి కాదురా, కోశాధికారికి. నీ ఇష్టమొచ్చినట్టు రాసేస్తే ఎలా? లోపల జరిగింది చూశావా నువ్వు?”

“లేదు బాబాయ్. గేటు బయట ఉన్నాను.”

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “సవరణ వెయ్యి” అన్నాడు. వేశాను.