నీళ్ల బిల్లులో ఫైర్ ప్రొటెక్షన్ ఛార్జీ: ముందు మీటరు సైజు చూడండి

అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఇల్లు కొన్న మనవాళ్లకు నీళ్ల బిల్లులో అర్థం కాని లైను ఒకటుంటుంది: పబ్లిక్ ఫైర్ ప్రొటెక్షన్, కొన్నిచోట్ల పొట్టిగా పీఎఫ్‌పీ. ఇంటికి తాళం వేసి ఇండియా వెళ్లినా అది పడుతూనే ఉంటుంది. ఎందుకంటే అది వాడిన నీళ్లకు కట్టే డబ్బు కాదు, మంటలార్పడానికి నీళ్లు సిద్ధంగా ఉంచినందుకు కట్టేది.

ఇల్లు అంటుకుంటే హైడ్రంట్ (ఫైరింజన్ కోసం వీధిలో ఉండే నీళ్ల కుళాయి) నిమిషానికి 1,000 గ్యాలన్లు ఇవ్వాలనుకుందాం. గంటకు 60,000 గ్యాలన్లు. రోజుకు 300 గ్యాలన్లు వాడే కుటుంబానికి అవి 200 రోజులు వస్తాయి. వంటకీ స్నానాలకీ అయితే వీధిలో సన్న పైపు చాలు. ఆ ఒక్క గంట కోసమే 6, 8 అంగుళాల పైపులు, పెద్ద ట్యాంకులు, అదనపు పంపులు ఏడాది పొడవునా సిద్ధంగా ఉంచాలి. ఆ ఖర్చును ఊరు ఆస్తి పన్నులోంచి కట్టొచ్చు, బిల్లులో వేయొచ్చు, రెంటికీ పంచొచ్చు. రేటుకు నీళ్ల రేట్లను చూసే రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆమోదం ఉండాలి కాబట్టి కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు.

వాదించదగ్గది మీటరు సైజు. చాలా ఊళ్లలో ఛార్జీ దాన్ని బట్టే. మామూలు ఇళ్లకుండే ముప్పావు అంగుళం మీటరుకు ఒక వంతు అనుకుంటే, ఒక అంగుళానికి సాధారణంగా రెండున్నర వంతులు, రెండంగుళాలకు 8. బిల్లులో రాసిన సైజు, మీటరు మీద అచ్చు వేసిన సైజు ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఫొటో తీసి నీళ్ల ఆఫీసుకు పంపండి. ఇంట్లో మంటలార్పే స్ప్రింక్లర్ల (పైకప్పు నుంచి నీళ్లు చల్లేవి) కోసమే అంగుళం మీటరు పెట్టించి ఉంటే, తగ్గింపు రేటు ఉందేమో అడగండి. మంటలార్పే ఏర్పాటు చేసుకున్నవాళ్ల మీదే ఛార్జీ పెరగడం నా దృష్టిలో అన్యాయం.

స్ప్రింక్లర్లున్న మోటెల్, షాపు వాళ్లకు బిల్లులో ఇంకో లైను కూడా రావచ్చు: ప్రైవేట్ ఫైర్ ప్రొటెక్షన్. స్ప్రింక్లర్ పైపుకు సాధారణంగా పూర్తి మీటరు ఉండదు గనుక పైపు వ్యాసాన్ని బట్టి వేస్తారు. 4 అంగుళాల పైపు కంటే 6 అంగుళాలది దాదాపు మూడు రెట్ల నీరు మోస్తుంది. అవసరానికి మించిన సైజు వేయిస్తే ఆ భారం ప్రతి బిల్లులోనూ ఉంటుంది. కొత్తగా కట్టేటప్పుడే డిజైనర్‌తో హైడ్రాలిక్ లెక్క (ఎంత నీటికి ఎంత పైపు చాలో చెప్పే లెక్క) వేయించండి. ఆ స్ప్రింక్లర్ పైపు పక్కనే చిన్న బైపాస్ మీటరు (కొద్దిపాటి నీళ్లు పారినా చూపించేది) ఉంటే నెలకోసారి రీడింగ్ రాసుకోండి. టెస్టులేవీ చేయకుండానే ముల్లు కదిలితే భూమిలో లీకైనా ఉండాలి, లాన్ గొట్టం ఎవరైనా దానికి తగిలించైనా ఉండాలి.