నవ్వకమ్మా

అమ్మ పడుకుని చాలాసేపయింది. నాకే ఆ ఫోటో గొడవ తెమలక నిద్ర రావడం లేదు.

తమ్ముడు అమ్మ అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160లో మిగతాదంతా నింపేసి, ఫోటో మాత్రం పంపమన్నాడు. మొన్న స్టూడియోలో తీయించింది ఉందిగా అనుకున్నా. తెరిచి చూస్తే ఒళ్ళు మండింది. అమ్మ ముఖానికి సున్నం కొట్టినట్టుంది. బుగ్గ మీద పుట్టుమచ్చ లేదు, కళ్ళ కింద నలుపు లేదు. వెళ్ళి అడిగితే, "ఆంటీని కొంచెం ఫెయిర్‌గా చేశానక్కా" అన్నాడు ఆ అబ్బాయి. ఎవరు చెయ్యమన్నారు?

సరే, ఇంట్లోనే తీద్దామని సాయంత్రం హాల్లో తెల్లగోడ ముందు నిలబెట్టా. గోడకి ఆనుకుంటే వెనక నీడ పడుతుంది, అందుకని రెండడుగులు ముందుకి. ముఖం బాల్కనీ వెలుతురు వైపు. దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా పడుతుందని దూరంగా జరిగి వెనక కెమెరాతో తీశా. కళ్ళజోడు ఉండకూడదు, 2016 నవంబరు నుంచీ అదే రూలు. జోడు తీస్తే అమ్మ కళ్ళు చికిలిస్తుంది. పైగా ఫోను ఎత్తితే చాలు, నవ్వేస్తుంది.

"నవ్వకమ్మా!" అని కసిరాను.

"మనవణ్ణి చూడ్డానికి పోతూ ఏడుపు మొహం పెట్టుకోవాలిటే?"

ఆ రూళ్ళు రాసినవాళ్ళ మీద అప్పుడు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తీరా చూస్తే నా ఫోనూ ఆ అబ్బాయి చేసిన పనే చేసింది. పుట్టుమచ్చ సగం మాయం. చర్మం నున్నగా చేసే ఆ ఆప్షన్ ఎక్కడుందో వెతికి ఆపేసరికి వెలుతురు పోయింది. ట్యూబులైటు కింద మళ్ళీ మొదట్నుంచీ.

పదో తరగతి హాల్ టికెట్టు ఫోటోకి అమ్మ నన్ను తెనాలిలో స్టూడియోకి తీసుకెళ్ళింది. గొడుగు లైట్లు, ఎత్తు స్టూలు, అద్దం పక్కన అందరూ దువ్వుకునే ఒకే దువ్వెన. స్టూడియో ఆయన స్పాంజితో నా మొహం నిండా పౌడరు అద్దాడు. అమ్మ ఏమీ అనకుండా లేచొచ్చి, కొంగు తడిపి, మెడ దాకా తుడిచేసింది. "మా పిల్ల రంగు ఇదేనండీ, ఇలాగే తియ్యండి" అంది. ఆయన గొణుక్కుంటూనే తీశాడు. ఆ ఫోటోలో నా జుట్టు ముందుభాగం తడిసి నుదుటికి అంటుకుని ఉంటుంది. నాకున్న ఫోటోలన్నిట్లో అదే ఇష్టం.

అలాంటి అమ్మ ఇవాళ, "స్టూడియోదే పంపకూడదూ, అందులో బాగున్నా" అంది. అది గుచ్చుకుంది. ముఖాన్ని యాప్‌తో మార్చకూడదన్న రూలే చివరికి నా పక్షాన నిలబడింది. సాయంత్రం వాళ్ళని అన్ని మాటలన్నాను గానీ, అమ్మని అమ్మలా చూపించమని అడిగింది వాళ్ళొక్కరే. కానీ ఇది రాస్తుంటే ఇంకోటి కూడా అనిపిస్తోంది. ఈ వయసులో ఒక ఫోటోలో బాగున్నాననుకుంటే నాకెందుకంత పొడుచుకురావాలి? నా రంగు కోసం పోట్లాడిన మనిషికి, తన రంగు సంగతి ఎవరైనా మంచిగా చెప్పారా ఎప్పుడైనా? నేను చెప్పలేదు.

మొత్తానికి 600 పిక్సెళ్ళ చదరానికి కత్తిరించి, తల ఫోటో ఎత్తులో సగానికి తగ్గకుండా చూసుకుని, 240 కేబీ లోపుకి తెచ్చి ఎక్కిస్తే సైటు తీసుకుంది. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉన్న వీసా సెంటర్లో వేలిముద్రలప్పుడు మళ్ళీ ఫోటో తీస్తారని చెప్తే, "అయితే ఆకుపచ్చ చీర ఇస్త్రీకియ్యి" అంది. పొద్దున్నే ఇవ్వాలి.