లింకన్ కోటలో ఒక కోర్టు గుమాస్తా

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒకరోజు లింకన్ కోట చూద్దామని బయల్దేరాం. రైల్లో గంట ప్రయాణం. రాజు అధికారానికి హద్దులు గీసిన 1215 నాటి ఒప్పందపత్రం మాగ్నా కార్టా ప్రతుల్లో మిగిలినవి నాలుగే, వాటిలో ఒకటి ఇక్కడుందని మా అల్లుడి ఆరాటం. నా ధ్యాసంతా కోటలోపలి జైలు మీద. ముప్పై ఏళ్ళు మేజిస్ట్రేట్ కోర్టులో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అప్పట్లో దొంగతనానికి పెట్టే 379 సెక్షన్ కింద కోళ్ళు, సైకిళ్ళు, మోటారు వైర్ల కేసులు ఎన్ని ఫైళ్ళు కట్టానో!

కోటకి వెళ్ళే వీధి పేరు స్టీప్ హిల్, అంటే నిట్టనిలువు కొండ. పేరు పెట్టినవాడు అబద్ధమాడలేదు. టీ వంకతో రెండుసార్లు ఆగాను.

జైలు 1848 నుంచి 1878 దాకా నడిచింది. వేస్ట్‌కోటు దొంగిలించినవాళ్ళ దగ్గర్నుంచి హంతకుల దాకా అందరూ ఇక్కడే. ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా. అన్నిటికంటే నన్ను పట్టేసింది ప్రార్థన గది. మెట్లు మెట్లుగా నిలువు చెక్క అరలు, ఒక్కో ఖైదీకి ఒక్కో అర. పాదిరీకి అందరూ కనిపిస్తారు, ఖైదీలకి పాదిరీ ఒక్కడే. ఒకరితో ఒకరు కలిస్తే చెడిపోతారని, ఒంటరిగా బైబిల్‌తో వదిలేస్తే పశ్చాత్తాపపడతారని వాళ్ళ నమ్మకం. నేనూ ఒక అరలోకి దూరాను. పక్క అరలోంచి మనవడు "తాతయ్యా" అంటున్నాడు. గొంతు వినిపిస్తోంది, పిల్లాడు కనబడడు. నిమిషంలో బయటికొచ్చేశాను.

అక్కడి బల్ల మీద కూర్చుని అల్లుడికి నాకు తెలిసిన చట్టం చెప్పడం మొదలుపెట్టాను. 1827 దాకా అక్కడ దొంగతనం రెండు రకాలు. సొత్తు విలువ పన్నెండు పెన్నీలు దాటితే పెద్ద దొంగతనం, కాగితం మీద దానికి ఉరి. అందుకని జాలిపడ్డ జ్యూరీలు ఖరీదైన సొత్తుకి కూడా పది పెన్నీలని విలువ కట్టేసేవాళ్ళు. సొత్తు విలువ తగ్గించి రాసే విద్య మా ఊళ్ళోనే పుట్టిందనుకున్నాను ఇన్నాళ్ళూ!

"మరి చిన్న కేసుల్లో తీర్పు చెప్పేదెవరు మామయ్యగారూ?" అన్నాడు.

చిక్కంతా అక్కడే. పల్లెల్లో చిన్న కేసులు విన్నది జీతం తీసుకునే జడ్జీలు కారు, భూస్వాములు, చర్చి పాదిరీలు. తోటలో టర్నిప్ పోయినా, కంచెలో కట్టె పోయినా, కుందేలు పోయినా, పోగొట్టుకున్నవాడూ బెంచి మీద కూర్చున్నవాడూ ఒకే పంక్తిలో భోంచేసేవాళ్ళు. 1831 వరకు ఏడాదికి 100 పౌండ్లు వచ్చే సొంత భూమో, అలాంటి హోదానో ఉంటేనే వేటాడే హక్కు. 1828 చట్టం ప్రకారం రాత్రిపూట దొంగవేటలో మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా కఠిన శిక్ష. మూడోసారైతే ఏడేళ్ళ ప్రవాస శిక్ష వేసి ఓడెక్కించి సముద్రం దాటించొచ్చు కూడా. కుందేలుకి!

ఇంకో సంగతి చెబితే అమ్మాయి కూడా దగ్గరికొచ్చి కూర్చుంది. కోతలయ్యాక పొలంలో రాలిన వెన్నులు ఏరుకోవడం, మన పరిగె ఏరుకోవడమే, అక్కడా బీదాడవాళ్ళ ఆనవాయితీ. 1788లో సఫోక్ జిల్లా టిమ్‌వర్త్‌కి చెందిన మేరీ హౌటన్ కేసులో, అది హక్కు కాదని లండన్ కోర్టు తేల్చేసింది. అయినా జనం మానలేదు. పందొమ్మిదో శతాబ్దమంతా చాలా ఊళ్ళలో పొద్దున్నే చర్చి గంట కొడితే గానీ చేలోకి దిగకూడదన్న కట్టుబాటుతో ఏరుకుంటూనే ఉన్నారు. మా నాయనమ్మ పరిగె ఏరిన వడ్లతోనే మా నాన్నకి పలకా బలపం కొన్నదట. ఆ మాట అల్లుడి ముందు ఎప్పుడూ అనలేదు, ఆరోజు అనేశాను.

మాగ్నా కార్టా కూడా చూశాం. చీకటి గదిలో చిన్న తోలు కాగితం, చీమల్లాంటి అక్షరాలు.

బయటికొస్తే కోట ఆవరణలోనే ఇంకో పాత భవనం. అది మ్యూజియం కాదు, పెద్ద నేరాలు విచారించే క్రౌన్ కోర్టు, ఇప్పటికీ నడుస్తోంది. నల్లగౌను వేసుకున్న లాయరొకాయన ఫైళ్ళు చంకన పెట్టుకుని లోపలికి పరిగెత్తాడు. నా కాళ్ళు వాటంతటవే అటు తిరిగాయి. తలుపు దగ్గర కాజ్ లిస్టు, అదే ఆరోజు కేసుల జాబితా, అంటించి ఉంటుందేమోనని వెతుకుతుంటే వెనకనుంచి అమ్మాయి అరుస్తోంది, "నాన్నా, రైలు టైమైపోతోంది!"