దారానికి కట్టిన నట్టు

పదకొండున్నర దాటింది. చిన్నదాని ఫిజిక్స్ పేపర్ మీది ఎర్రగీత ఇంకా కళ్ళముందే ఉంది.

యాక్సిలరేషన్ అంటే ఏమిటి అని ప్రశ్న. 'స్పీడ్ పెరగడం' అని రాసింది. అడ్డంగా గీత, పక్కన సున్నా. ఎందుకు తప్పో ఒక్క ముక్క లేదు. తొమ్మిదో తరగతి పిల్ల, స్కూటీ ఎక్సలేటర్ తిప్పితే ఏమవుతుందో అది రాసింది. అర మార్కైనా వెయ్యొచ్చుగా! ఈయనకి చెప్తే "ఒక్క మార్కేగా" అన్నారు. ఈ 'ఏగా' ఉంది చూశారూ, దాని గురించి వేరే టపా రాయాలి.

సరే, నేనే నేర్పిస్తానని సాయంత్రం కారెక్కించాను. కోణమానిని తలకిందులుగా పట్టుకుని, మధ్యలోంచి దారం వదిలి, దారానికి నట్టు కట్టాం. బండి కదలగానే నట్టు వెనక్కి జరిగి 10 డిగ్రీల దగ్గర నిలబడింది. 10 డిగ్రీల టాన్ 0.176. దాన్ని భూమ్యాకర్షణ అంకె 9.8తో గుణిస్తే 1.7. అంటే ప్రతి సెకనుకీ వేగం సెకనుకి మరో 1.7 మీటర్ల చొప్పున పెరుగుతోందన్నమాట. నిజమో కాదో చూద్దామని చిన్నది సెకన్లు లెక్కపెట్టింది. స్పీడోమీటర్ ముల్లు 36కి చేరడానికి 6 సెకన్లు పట్టింది. గంటకి 36 కిలోమీటర్లంటే సెకనుకి 10 మీటర్లు, ఆరుతో భాగిస్తే దాదాపు అంతే! చప్పట్లు కొట్టింది.

ఫ్లైఓవర్ మలుపు దగ్గర నా పాఠం బోర్లా పడింది. ముల్లు 30 దగ్గర కదలకుండా ఉంది, నట్టు మాత్రం పక్కకి పోయింది. "స్పీడ్ మారలేదుగా అమ్మా?"

నాకు ఠక్కున దోర్నాల ఘాట్ గుర్తొచ్చింది. మార్కాపురం నుంచి శ్రీశైలం వెళ్ళే బస్సు. వాంతి రాకుండా అమ్మ చేతిలో పెట్టిన నిమ్మకాయ వాసన చూస్తూ, డ్రైవర్ ముందు వేలాడే ఆంజనేయస్వామి బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. కళ్ళు దానిమీద పెడితే కడుపులో తిప్పదని ఎవరో చెప్పారు. అబద్ధం. స్వామి కుడి మలుపుకి ఎడమకి, ఎడమ మలుపుకి కుడికి ఊగేవాడు, బ్రేకేస్తే ముందుకి దూకేవాడు. స్వామి ఎటు పోతే నేనూ అటే, పక్కన కూర్చున్న నాన్నమ్మ మీద పడేదాన్ని. మూడో మలుపు తర్వాత ఆవిడ చీరకి ఏం జరిగిందో రాయను.

ఆ బొమ్మ కూడా త్వరణం, అదే యాక్సిలరేషన్, కొలిచే యంత్రమేనని ఇన్నేళ్ళకి తట్టింది. వడి మారకపోయినా దిక్కు మారితే వేగం మారినట్టే. వడి (స్పీడ్) వేరు, దిక్కుతో కలిపి చెప్పే వేగం వేరు, ఆ వేగం మారడమే త్వరణం అని మా తెలుగు మీడియంలో బట్టీ పట్టాం కూడా. ఇంటి మాటల్లో రెండూ ఒకటే కాబట్టి మర్చిపోయాను. బ్రేకేసినా త్వరణమే, మలుపు తిరిగినా త్వరణమే. చిన్నది రాసింది అందులో ఒక్క రకమే. టీచర్‌దే రైటు. ఆ మాట గీత పక్కన రెండు ముక్కల్లో రాస్తే ఏం పోయేదో!

ఇంటికొచ్చాక ఇంకో పేచీ. ఫోన్లో త్వరణం చూపించే యాప్ ఉందిట. బల్లమీద కదలకుండా పెడితే 9.8 చూపించింది. పరుపు మీదకి వదిలితే, పడుతున్నంతసేపూ సున్నా దగ్గర. "పడుకుంటే 9.8, పడిపోతుంటే సున్నా. ఇదేం యంత్రమమ్మా?"

లోపల సన్నటి స్ప్రింగుల మీద చిటికెడు బరువు ఉంటుంది, స్ప్రింగు ఎంత వంగిందో అదే ఫోన్ చూపిస్తుంది అన్నాను. బల్లమీద ఉన్నప్పుడు బల్ల ఫోన్‌ని మోస్తుంది, స్ప్రింగు ఆ బరువుని మోస్తూ వంగుతుంది. పడేటప్పుడు అన్నీ కలిసే పడతాయి కాబట్టి స్ప్రింగుకి మోసే పనుండదు. "అయితే అది కొలిచేది త్వరణం కాదుగా, మోతేగా" అంది. అవునని ఒప్పుకోవాలో, ఇంకేదైనా చెప్పాలో తెలీక పాలు తాగి పడుకోమన్నాను.

పడుకోలేదు. పక్కగదిలోంచి పరుపు మీద ధబ్, ధబ్ అని వినిపిస్తూనే ఉంది. అది నా ఫోన్.