రక్తం పలుచన చేసే మాత్రకు కొవ్వు మాత్ర తోడైతే: నా అనుభవం

2014లో నా గుండెలోని మైట్రల్ కవాటం తీసి లోహపు కవాటం అమర్చారు. అప్పటి నుంచి రోజూ రాత్రి రక్తం పలుచన చేసే అసినోకుమరాల్ 2 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటూ, నెలకొకసారి రక్తపరీక్ష చేయించుకుంటూ, రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చెప్పే అంకె అయిన ఐఎన్ఆర్‌ను నాకు చెప్పిన 2.5–3.5 మధ్యనే నిలుపుకొంటూ వచ్చాను. ఈమధ్య రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 480 ఉందని మా ఊరి వైద్యుడు రోసువాస్టాటిన్, ఫెనోఫైబ్రేట్ అనే రెండు కొవ్వు మందులు కలిసిన మాత్ర రాశారు. వాడుతున్న మందులన్నీ చెప్పాను, ఆయన తల ఊపారు. ఐఎన్ఆర్ ముందుగా చూపించుకోమని మాత్రం అనలేదు.

పద్దెనిమిదో రోజున పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి వచ్చిన రక్తం ఎంతకీ ఆగలేదు. దెబ్బ తగలకుండానే మోచేయి నల్లగా కమిలింది. పరీక్షలో ఐఎన్ఆర్ 6.2 వచ్చింది.

పెద్దాసుపత్రి ఓపీలో మా అబ్బాయి వయసు వైద్యుడు ఆ కాగితం చూసి, వరుసలో నిలబడినవారందరికీ వినిపించేలా, "ఏమమ్మా, మరిచిపోయి రెండేసి మింగుతున్నావా? ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరూ లేరా?" అని అడిగాడు. ముప్పై ఏళ్లు హైస్కూలులో లెక్కలు చెప్పినదాన్ని, పదేళ్లకు పైగా ఒక్క పూట కూడా తప్పకుండా మాత్ర వేసుకున్న తేదీ, ఐఎన్ఆర్ అంకె నోటుపుస్తకంలో రాసుకున్నదాన్ని. ఆ పుస్తకం బల్ల మీద పెడితే, తెరవకుండానే కలం మొనతో పక్కకు నెట్టి, ఆకుకూరలు మానేసినా ఐఎన్ఆర్ పెరుగుతుంది కాబట్టి, అవి మానేశావా అని మరో ప్రశ్న వేశాడు. మానలేదని, వారానికి రెండుసార్లు తోటకూర ఎప్పటిలాగే వండుతున్నానని చెప్పినా నమ్మలేదు. కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టావన్న ఒక్క ప్రశ్న మాత్రం ఆయన నోట రాలేదు. నా సంచిలోని షీటు చూసి, "ఇది ఎప్పటి నుంచి వేసుకుంటున్నారమ్మా?" అని అడిగింది అక్కడి నర్సు.

తర్వాత చూసిన గుండె వైద్యురాలు, ఫెనోఫైబ్రేట్ అసినోకుమరాల్ ప్రభావాన్ని బాగా పెంచుతుందని, రోసువాస్టాటిన్ కూడా ఐఎన్ఆర్‌ను పెంచగలదని వివరించారు. ఆ జంట మాత్ర ఆపించి, అసినోకుమరాల్ రెండు రాత్రులు మానిపించారు. అయితే ఇలా మానడం మా అంతట మేము చేయకూడదని, కవాటం మీద రక్తం గడ్డకడితే ప్రాణానికే ముప్పని గట్టిగా హెచ్చరించారు. మూడో రోజుకు ఐఎన్ఆర్ 3.4కు దిగింది. ఇప్పుడు కొవ్వుకు అటార్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర వాడుతున్నాను. నెల పాటు వారానికొకసారి పరీక్ష జరిగింది.

రక్తం పలుచన చేసే మాత్ర వాడేవారు కొవ్వు మాత్ర మొదలుపెట్టినా, మార్చినా, మోతాదు పెంచినా, చివరికి ఆపినా, ఐఎన్ఆర్ ఎప్పుడు చూపించుకోవాలో చీటీ మీద రాయించుకునే బయటికి రావాలి. తల ఊపే వైద్యుల దగ్గర మరీ ముఖ్యంగా. ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రల జోలికి అసలు పోకూడదు.

నిన్నటి అంకె 2.9. ఆ ఖాళీ షీటును నోటుపుస్తకంలో ఆ తేదీ ఉన్న పేజీకి అంటించాను. మళ్లీ ఓపీకి వెళ్లినప్పుడు పుస్తకాన్ని సరిగ్గా ఆ పేజీ దగ్గర తెరిచే బల్ల మీద పెడతాను.